ఎగ్జాక్ట్ ఆడియో కాపీ: తెలియని చోట తెలియలేదని చెప్పే సాఫ్ట్‌వేర్

మీ బీరువాలో పాత సీడీలు ఉన్నాయా? వాటిలో 2001 నుంచి 2006 మధ్య యూరప్‌లోనో అమెరికాలోనో కొన్నవి ఉంటే ఒకసారి బయటికి తీసి అట్ట వెనక్కి తిప్పి చూడండి. మామూలు సీడీ మీద ‘కాంపాక్ట్ డిస్క్ డిజిటల్ ఆడియో’ అన్న చిహ్నం ఉంటుంది. కొన్నింటి మీద అది కనబడదు. దాని బదులు, ఈ డిస్కు కొన్ని కంప్యూటర్లలో, కొన్ని కారు ప్లేయర్లలో పాడకపోవచ్చని చాలా చిన్న అక్షరాల్లో రాసి ఉంటుంది. కాపీ రక్షణ ఉన్న డిస్కులంటే ఇవే. ఈ సమీక్ష ముఖ్యంగా అలాంటివి దాచుకున్నవారి కోసం.

నా దగ్గర ఇలాంటివి అరలో సగం వరకు ఉన్నాయి. 2002 తరవాత కొన్నేళ్ళు జర్మనీలో ఉద్యోగం చేశాను. డ్యూసెల్‌డార్ఫ్‌లో ఆఫీసు నుంచి ఇంటికి వచ్చే దారిలో ఒక సంగీతం దుకాణం ఉండేది. జీతం వచ్చిన వారం అందులోకి వెళ్ళకుండా ఉండలేకపోయేవాణ్ణి. జాజ్ సంగీతం నాకు పరిచయమైంది అక్కడే. ఆ డిస్కులు అక్కడి స్టీరియోలో చక్కగా పాడేవి. హైదరాబాదు వచ్చేశాక స్టీరియో పాడైపోయింది. ఇప్పటి మా కారులో సీడీ పెట్టే చోటే లేదు. మా అమ్మాయి ఏ పాటైనా ఫోనులోనే వింటుంది. సరే, వీటన్నింటినీ ఫైళ్ళుగా మార్చి ఇంట్లో అందరూ వినేలా చేద్దామని కూర్చుంటే, డబ్బు పెట్టి కొన్న డిస్కులే నా కంప్యూటర్లో పాడనని మొరాయించాయి. కొన్ని పాడాయి గాని పాట మధ్యలో టక్కు టక్కుమని చప్పుళ్ళు. కొన్నింటిలో పాటల జాబితా కనబడాల్సిన చోట ముక్కూ మొహం తెలియని ఒక ప్లేయర్ ప్రోగ్రాము కనబడింది.

ఆ అర మొత్తాన్నీ చివరికి ఫైళ్ళుగా మార్చుకోగలిగింది ఎగ్జాక్ట్ ఆడియో కాపీతోనే. దీన్ని వాడేవాళ్ళు ఈఏసీ అంటారు. విండోస్ మీద నడుస్తుంది. జర్మనీలోని డోర్ట్‌మండ్ విశ్వవిద్యాలయంలో చదువుకుంటున్న ఆండ్రే వీత్‌హాఫ్ 1998లో రాయడం మొదలుపెట్టారు. అప్పటికి దొరికే రిప్పింగ్ ప్రోగ్రాములు, అంటే సీడీ పాటలను ఫైళ్ళుగా మార్చేవి, పాటల్లో చప్పుళ్ళు మిగులుస్తున్నాయని విసుగెత్తి ఆయన సొంతంగా రాసుకున్నారు. సొంత వాడకానికి ఉచితం. దీన్ని నేను ఇంతగా మెచ్చుకోవడానికి కారణం ఒక్కటే. ఏ పాటలో, ఏ నిమిషంలో, ఏ సెకను దగ్గర తనకు నమ్మకం కుదరలేదో దాచకుండా చెబుతుంది. రక్షణ ఉన్న డిస్కుల దగ్గర అన్నింటికన్నా అవసరమైన గుణం అదే. ఎందుకో చెప్పాలంటే సీడీ లోపలికి కొంచెం వెళ్ళాలి.

పాటల సీడీలో ఫైళ్ళుండవు. మొదటి నుంచి చివరి దాకా ఒకటే ధార. సెకనుకు 75 సెక్టార్లు, ఒక్కో సెక్టారులో 2,352 బైట్ల సంగీతం. కంప్యూటర్ సమాచారం దాచే సీడీ రాం డిస్కులోనూ సెక్టారు అంతే ఉంటుంది గాని, అందులో అసలు సమాచారం 2,048 బైట్లే. మిగతా చోటును సెక్టారు చిరునామాకూ, తప్పులు దిద్దుకోవడానికి అవసరమైన అదనపు లెక్కలకూ కేటాయించారు. పాటల సీడీలో ఆ అదనపు కాపలా లేదు. గీతలను, దుమ్మును తట్టుకోవడానికి ఒక దిద్దుబాటు పొర మాత్రం ఉంది. దాని వల్ల కూడా కానప్పుడు ప్లేయర్ ఏం చేస్తుందంటే, పోయిన చోటికి ముందున్న విలువను, వెనకున్న విలువను చూసి మధ్యలోది ఊహించి నింపేస్తుంది. చెవికి తెలియదు. 1980లో ఫిలిప్స్, సోనీ కంపెనీలు ఈ ప్రమాణాన్ని తయారు చేసినప్పుడు అది చాలా తెలివైన ఏర్పాటు. ఎవరో ఇంట్లో కూర్చుని డిస్కును అక్షరం పొల్లుపోకుండా కాపీ చేస్తారన్న ఆలోచన అప్పటికి లేదు. కాబట్టి తాళం పెట్టడానికి ఆ ప్రమాణంలో చోటే లేదు.

సంగీతం కంపెనీలకు ఆ తాళం ఇరవై ఏళ్ళ తరవాత కావలసివచ్చింది. అప్పటికి కోట్ల ఇళ్ళలో ప్లేయర్లున్నాయి, వాటిని మార్చలేరు. ఇక మిగిలిన దారి ఒక్కటే: ప్లేయర్‌కు పరవాలేదు గాని కంప్యూటర్‌కు మింగుడుపడనట్టుగా డిస్కునే కొంచెం పాడు చేసి అమ్మడం. మాట కటువుగా ఉంది గాని జరిగింది అదే. ఫిలిప్స్ కంపెనీయే 2002లో ఈ డిస్కులు ప్రమాణానికి తగినట్టు లేవని, వాటి మీద సీడీ చిహ్నం వేయరాదని చెప్పింది. మొదట్లో చిహ్నం కోసం వెతకమన్నది అందుకే.

పాడు చేసిన పద్ధతులు రకరకాలు. మొదటిది డిస్కులో రెండో సెషన్, అంటే విడిగా రాసిన ఇంకో భాగం, పెట్టి అందులో తప్పుడు విషయసూచిక రాయడం. ఇంట్లో పాటలు పాడే ప్లేయర్ మొదటి సెషన్ చూసి అక్కడే ఆగిపోతుంది. కంప్యూటర్ డ్రైవ్ మాత్రం చివరి సెషన్ దగ్గరికి వెళ్ళి అక్కడున్నది నమ్ముతుంది. సోనీ డీఏడీసీ తయారుచేసిన ‘కీ టూ ఆడియో’ ఈ తరహాది. 2002లో గాయని సెలిన్ డియాన్ ఆల్బం ఒకటి యూరప్‌లో ఈ రక్షణతో వచ్చినప్పుడు, దాన్ని ఐమ్యాక్‌లో పెడితే డిస్కు బయటికి రాకుండా ఇరుక్కుపోయేది. ఇలాంటి డిస్కుల గురించి ఆపిల్ కంపెనీ వినియోగదారుల కోసం ప్రత్యేకంగా ఒక సూచనే రాయవలసి వచ్చింది. అదే ఏడాది ఇంకో సంగతి బయటపడింది. డిస్కు అంచున స్కెచ్ పెన్నుతో గీత గీసి ఆ రెండో సెషన్ కనబడకుండా చేస్తే రక్షణ పని చేయడం లేదని. ప్రపంచమంతా చెప్పుకున్నారు. మీరు మాత్రం దయచేసి ఆ పని చేయకండి. గీత కొంచెం లోపలికి జరిగితే చివరి పాట పోతుంది. పైగా ఈఏసీ, సరైన డ్రైవ్ ఉంటే ఆ అవసరమే రాదు.

రెండో పద్ధతి నన్ను ఎక్కువ బాధపెట్టింది. ఇజ్రాయెల్‌కు చెందిన మిడ్‌బార్ కంపెనీ తయారుచేసిన ‘కాక్టస్ డేటా షీల్డ్’ ఈ కోవలోది. 2002లో మాక్రోవిజన్ దాన్ని కొనుక్కుంది. ఇందులో విషయసూచికను తారుమారు చేయడంతో పాటు, సంగీతం మధ్యలో కావాలనే తప్పులు చొప్పిస్తారు. ఇందాక చెప్పాను కదా, ప్లేయర్ ఊహించి నింపుకుంటుందని. ఆ ఊహ మీద ఆధారపడే తప్పులివి. స్టీరియోలో పాట సాఫీగా వినబడుతుంది. తప్పులను కప్పిపుచ్చకుండా ఉన్నది ఉన్నట్టు చదివే డ్రైవ్‌లో మాత్రం టక్కుమంటుంది. దీనిలో ఒక అన్యాయం ఉంది. దిద్దుబాటు పొరను పెట్టింది గీతలు పడ్డ రోజు కోసం. ఆ శక్తిలో కొంత కొత్త డిస్కు మీదే ఖర్చయిపోతే, రేపు నిజంగా గీత పడినప్పుడు తట్టుకునే బలం తగ్గుతుంది. డబ్బిచ్చి కొన్నవాడికి ఇరవై ఏళ్ళు నిలవవలసిన వస్తువును ముందే బలహీనం చేసి ఇచ్చారన్న మాట. ఈ విషయంలో నా కోపం ఇంకా చల్లారలేదు.

మూడోది సాఫ్ట్‌వేర్ తాళం. సంగీతాన్ని ముట్టుకోరు. డిస్కులో ఒక ప్రోగ్రాము పెట్టి, కంప్యూటర్లో పెట్టగానే అది దానంతటదే ఎక్కేలా చేస్తారు. ఎక్కాక ఇతర ప్రోగ్రాములు ఆ డిస్కును సరిగ్గా చదవనివ్వదు. సన్‌కామ్ కంపెనీ వారి ‘మీడియా మ్యాక్స్’ ఇలాంటిదే. 2003లో ప్రిన్స్‌టన్ విద్యార్థి అలెక్స్ హాల్డర్‌మన్, డిస్కు పెట్టేటప్పుడు షిఫ్ట్ మీట నొక్కి పట్టుకుంటే విండోస్ ఆ ప్రోగ్రామును నడపదనీ, దాంతో ఆ రక్షణ మొత్తం పనికిరాకుండా పోతుందనీ రాశాడు. కంపెనీ మొదట కోర్టుకు వెళతామని బెదిరించి తరవాత వెనక్కి తగ్గింది. అంతకన్నా పెద్ద గొడవ 2005లో జరిగింది. అక్టోబర్ 31న మార్క్ రసినోవిచ్ అనే విండోస్ నిపుణుడు తన కంప్యూటర్లో దాక్కుని ఉన్న ఒక ప్రోగ్రామును కనిపెట్టిన సంగతి తన బ్లాగులో బయటపెట్టాడు. తీగ లాగితే అది సోనీ బీఎంజీ అమ్మిన సీడీ నుంచి వచ్చిందని తేలింది. బ్రిటన్‌కు చెందిన ఫస్ట్ ఫోర్ ఇంటర్నెట్ తయారుచేసిన ‘ఎక్స్‌సీపీ’ అది. ఒక ప్రత్యేక గుర్తుతో పేరు మొదలయ్యే ఏ ఫైలునైనా విండోస్‌కు కనబడకుండా దాచేసేది. ఆ చీకట్లో వైరస్‌లు కూడా దాక్కోవచ్చు, కొన్ని దాక్కున్నాయి కూడా. మొరటుగా తీసేస్తే సీడీ డ్రైవే కంప్యూటర్‌కు కనబడకుండా పోయేది. నవంబరులో కంపెనీ ఆ డిస్కులను వెనక్కి తీసుకుంది. 52 ఆల్బంలు. ఆ పేర్ల జాబితా ఇప్పటికీ ఇంటర్నెట్‌లో దొరుకుతుంది. మీ దగ్గర అమెరికాలో కొన్న 2005 నాటి డిస్కులుంటే సరిచూసుకోండి.

ఈ మూడో రకం డిస్కులే నిజానికి అన్నింటికన్నా తేలిక. ఆ ప్రోగ్రామును కంప్యూటర్లోకి రానివ్వకపోతే మిగిలేది మామూలు పాటల సీడీయే. విస్టా అనే వెర్షన్ నుంచి విండోస్ అడగకుండా ఏదీ నడపదు. అడిగినప్పుడు ‘వద్దు’ అనండి, షిఫ్ట్ మీట కూడా నొక్కి పట్టుకోండి, తరవాత ఈఏసీ తెరవండి. పాటలన్నీ వరుసగా కనబడతాయి. నా దగ్గరున్న రెండో రకం డిస్కుల దగ్గరే అసలు పరీక్ష.

ఈఏసీలో ‘సెక్యూర్’ అనే పద్ధతి ఉంది. అదే దీని ప్రాణం. ఒక్కో సెక్టారును కనీసం రెండు సార్లు చదువుతుంది. రెండూ ఒకటే అయితే ముందుకు వెళుతుంది. తేడా వస్తే అక్కడే ఆగి 16 సార్లు చదువుతుంది. వాటిలో కనీసం 8 ఒకేలా వస్తేనే ఒప్పుకుంటుంది. రాకపోతే మళ్ళీ 16. మనం పెట్టిన సెట్టింగును బట్టి ఇలా ఐదు విడతల దాకా ప్రయత్నిస్తుంది. అంటే ఒక మొండి సెక్టారు కోసం 82 సార్ల దాకా చదువుతుంది. తెర మీద ఎర్ర దీపాల వరుస వెలుగుతూ ఉంటుంది. అన్ని విడతలూ అయ్యాక కూడా కుదరకపోతే, చేతికందిన దాన్ని రాసి, లాగ్ ఫైలులో ‘సస్పీషియస్ పొజిషన్’ అంటూ నిమిషం, సెకనుతో సహా నమోదు చేస్తుంది. అప్పుడు హెడ్‌ఫోను పెట్టుకుని సరిగ్గా ఆ చోటు వినొచ్చు. పాట మొత్తం అనుమానంగా వినాల్సిన పని లేదు. వేరే ప్రోగ్రాములు అదే డిస్కును నిమిషాల్లో ముగించి అంతా బాగుందన్నాయి. మూడో పాటలో సాక్సఫోన్ దీర్ఘంగా సాగే చోట చప్పుడు స్పష్టంగా వినబడుతూనే ఉంది. ఆ చోటును ఈఏసీ మాత్రం సెకనుతో సహా పట్టి చూపించింది.

అయితే దీనికి ఒక హద్దుంది, ఇది తెలియకుండా వాడితే మోసపోతారు. రెండు సార్లు ఒకేలా చదివితే సరైనదని నమ్మడం ఈ పద్ధతికి పునాది. గీత పడ్డ చోట డ్రైవ్ ఒక్కోసారి ఒక్కోలా చదువుతుంది కాబట్టి తేడా దొరుకుతుంది. కంపెనీ కావాలని చొప్పించిన తప్పు అలా కాదు, అది ఎప్పుడూ అక్కడే, అలాగే ఉంటుంది. కొన్ని డ్రైవ్‌లు దాన్ని ప్రతిసారీ ఒకే రకంగా ఊహించి నింపుతాయి. రెండు చదువులూ ఒకదానితో ఒకటి సరిపోలుతాయి. లాగ్‌లో 100 శాతం అని వస్తుంది. అసలు సంగీతం మాత్రం కాదు. అందుకని రక్షణ ఉన్న డిస్కు విషయంలో ఒక డ్రైవ్ చెప్పిన 100 శాతాన్ని నేను తీర్పుగా తీసుకోను. రెండు వేర్వేరు కంపెనీల డ్రైవ్‌లలో చదివించి, ఈఏసీ ప్రతి పాటకూ ఇచ్చే సీఆర్‌సీ సంఖ్యలను (చదివిన సమాచారం నుంచి లెక్కగట్టే తనిఖీ సంఖ్యలు) పోలుస్తాను. రెండు డ్రైవ్‌లు ఒకే తప్పును ఒకే రకంగా ఊహించడం అరుదు. రెండు చోట్లా ఒకే సంఖ్య వస్తే ఇక నిశ్చింత. ఇలా పోల్చాలంటే రెండింటికీ ఆఫ్‌సెట్, అంటే జరుగుబాటు లెక్క, సరిగ్గా పెట్టి ఉండాలి. ప్రతి డ్రైవ్ పాటను కొన్ని శాంపిళ్ళు (సంగీతంలోని అతి చిన్న ముక్కలు) ముందుకో వెనక్కో జరిపి చదువుతుంది. ఆ జరుగుబాటును ఈఏసీ సరిచేస్తుంది. ఎల్జీ డ్రైవ్‌లు చాలావాటికి ప్లస్ 667, లైట్ఆన్ డ్రైవ్‌లు చాలావాటికి ప్లస్ 6. మీరు లెక్క వేయక్కరలేదు, అక్యురేట్‌రిప్ అనే, ఇతరుల రిప్పింగ్ ఫలితాలు దాచిన ఇంటర్నెట్ జాబితాలో ఉన్న ఏదైనా పాపులర్ ఆల్బం పెడితే అదే గుర్తుపట్టి నింపుతుంది.

అసలు సాఫ్ట్‌వేర్ కన్నా డ్రైవే ముఖ్యమని ఈ పని చేశాకే నాకు నమ్మకం కుదిరింది. లాప్‌టాప్‌కు తగిలించే పలచటి యూఎస్‌బీ డ్రైవ్‌లో ఒక డిస్కు విషయసూచికే తెరుచుకోలేదు, డ్రైవ్ గుర్రుమంటూ తిరిగి ఊరుకుంది. సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లో చెనాయ్ ట్రేడ్ సెంటర్ ఉంది కదా, అక్కడ పాత కంప్యూటర్ భాగాలు అమ్మే కొట్లో డెస్క్‌టాప్‌లకు వాడిన పూర్తి సైజు డ్రైవ్‌లు దొరికాయి. సాటా నుంచి యూఎస్‌బీకి మార్చే తీగ ఒకటి, పన్నెండు వోల్టుల అడాప్టర్ ఒకటి కూడా కొంటే పని జరుగుతుంది. కొట్టతను డ్రైవ్‌లు పెట్టిన అట్టపెట్టె నా ముందు పెట్టి, ‘ఇప్పుడివి ఎవరికి కావాలి సార్’ అన్నాడు. నేను తీసుకున్న డ్రైవ్‌లలో ఒకటి, లాప్‌టాప్ డ్రైవ్ ససేమిరా అన్న డిస్కును మొదటిసారికే తెరిచింది. మీకు ఒక డిస్కు తెరుచుకోకపోతే సాఫ్ట్‌వేర్ మార్చే ముందు డ్రైవ్ మార్చండి. ఇది నా గట్టి సలహా.

సెట్టింగుల సంగతి. ఎఫ్10 నొక్కితే డ్రైవ్ ఎంపికలు వస్తాయి. అక్కడ మూడు గళ్ళు ముఖ్యం. మొదటిది అక్యురేట్ స్ట్రీమ్, అంటే చదువు ఆగి మళ్ళీ మొదలైనప్పుడు చోటు తప్పకపోవడం; ఇప్పటి డ్రైవ్‌లన్నీ దాదాపు దీన్ని అందుకుంటాయి. రెండోది, డ్రైవ్ చదివిన సంగీతాన్ని తన జ్ఞాపకంలో దాచుకుంటుందా అన్నది. దాచుకునే డ్రైవ్‌కు ఈ గడి టిక్కు పెట్టకపోతే రెండో చదువు డిస్కు నుంచి కాకుండా ఆ జ్ఞాపకం నుంచే వస్తుంది, అప్పుడు పోలికకు అర్థమే లేదు. మూడోది సీ2. డిస్కు తప్పులను డ్రైవే చెబుతుందనీ, ఆ మాట నమ్మమనీ ఈ గడి అర్థం. మామూలు డిస్కులకు దీనివల్ల వేగం పెరుగుతుంది. రక్షణ ఉన్న డిస్కులకు నేను తీసేస్తాను. డ్రైవ్ చెప్పే మాట అన్ని వేళలా నమ్మదగ్గది కాదు. పాట పాటకూ ‘టెస్ట్ అండ్ కాపీ’ వాడండి. ఒకసారి ఉత్తినే చదివి, ఇంకోసారి రాసి, రెండు సీఆర్‌సీలు పక్కపక్కన చూపిస్తుంది. వేగం తగ్గించుకునే అనుమతి కూడా ఇవ్వండి.

ఓపిక మాత్రం కావాలి. మంచి డిస్కు టీ తాగి వచ్చేలోపు అయిపోతుంది. రక్షణ ఉన్న డిస్కు ఒకటి సాయంత్రం పెడితే భోజనాలై అందరూ పడుకున్నాక కూడా ఎర్ర దీపాలతో తిరుగుతూనే ఉంది. డ్రైవ్ వేడెక్కుతుంది. పాటకీ పాటకీ మధ్య విరామం ఇవ్వడం మంచిది.

లోపాలూ ఉన్నాయి. ఈఏసీ కిటికీ చూస్తే 2000 నాటి విండోస్ ప్రోగ్రాములు గుర్తొస్తాయి. బొత్తాల మీద బొమ్మలు అర్థం కావు. ఎఫ్9, ఎఫ్10, ఎఫ్11 వెనక ఉన్న ఎంపికలు చదివి అర్థం చేసుకోవడానికే ఒక పూట పడుతుంది. ఫ్లాక్‌గా (నాణ్యత పోకుండా కుదించే ఫైలు రకం) మార్చాలంటే మొదటిసారి వచ్చే సహాయకుడి (విజార్డ్) చెయ్యి వదలకుండా వెళ్ళాలి, లేకపోతే ఆ వరుసలో ఏదో ఒకటి తప్పుతుంది. సూటిగా చెప్పాలంటే కొత్తవారి మీద దీనికి దయ లేదు. ఇంత మంచి యంత్రానికి ఇంకొంచెం మంచి ముఖం ఉండి ఉంటే ఎంతమంది డిస్కులు బతికేవో అని నాకు నిజంగా దిగులుగా ఉంటుంది.

తెలుగు డిస్కుల గురించి వేరుగా చెప్పాలి. నా దగ్గరున్న సినిమా పాటల సీడీల్లో గాని, కర్ణాటక సంగీతం సీడీల్లో గాని ఈ తాళాలు లేవు. వాటి సమస్య గీతలు, వేలిముద్రలు, కారు డ్యాష్‌బోర్డు ఎండ. ఇంకో సమస్య ఉంది. అక్యురేట్‌రిప్ అనే ఏర్పాటు ప్రపంచంలో ఇతరులు అదే డిస్కును చదివినప్పుడు వచ్చిన సంఖ్యలతో మీ సంఖ్యలను పోల్చి చెబుతుంది. సీయూఈటూల్స్ అనే ఇంకో ప్రోగ్రాము వారి జాబితా ఇంకో అడుగు ముందుకు వెళ్ళి, చిన్న చిన్న పాడైన చోట్లను ఇతరులు ఎక్కించిన దిద్దుబాటు లెక్కలతో బాగుచేస్తుంది కూడా. జర్మనీలో కొన్న డిస్కుల్లో చాలావాటికి జవాబు వెంటనే వచ్చింది. నా తెలుగు డిస్కుల్లో చాలావాటికి ‘జాబితాలో లేదు’ అనే వచ్చింది. అంటే మనవాళ్ళలో ఎవరూ ఈ పని చేసి పెట్టలేదన్న మాట. ఒకరు చేస్తే చాలు, తరవాతివారికి సాక్ష్యం దొరుకుతుంది. ఇంట్లో ఘంటసాల డిస్కులు, బాలమురళీకృష్ణ డిస్కులు ఉన్నవారు ఒక్కొక్కటీ ఇందులో చదివించి ఆ సంఖ్యలు పైకి వెళ్ళనివ్వండి. పాట వెళ్ళదు, సంఖ్యలే వెళతాయి. పాటల పేర్లు కూడా సిద్ధంగా దొరకవు. కూర్చుని టైపు చేయాలి. ఇప్పటి ఈఏసీలో తెలుగు లిపిలోనే చేయొచ్చు, ఫైలు పేర్లు తెలుగులోనే వస్తాయి. నేను రాగం, తాళం కూడా రాసుకుంటున్నాను.

మిగతా ప్రోగ్రాములనూ చూశాను. డీబీపవర్ఆంప్ డబ్బిచ్చి కొనాల్సినది. చూడ్డానికి, వాడటానికి ఈఏసీ కన్నా ఎంతో హాయి. మామూలు డిస్కులు వందల్లో ఉన్నవారికి అదే చెబుతాను. లినక్స్ వాడేవారికి సీడీపారనోయా ఎప్పటి నుంచో ఉంది, దాని మీద ఆధారపడ్డ విప్పర్ కూడా ఉంది. మ్యాక్ వాడేవారికి ఎక్స్ఎల్‌డీ. ఏ డ్రైవ్‌లోనూ తెరుచుకోని డిస్కు మిగిలిపోతే, పాత సీడీ ప్లేయర్ లైన్ అవుట్ నుంచి కంప్యూటర్ లైన్ ఇన్‌కు తీగ వేసి ఆడాసిటీ అనే ఉచిత రికార్డింగ్ ప్రోగ్రాములో రికార్డు చేసుకోవచ్చు. అంకెల నకలు కాదు, కొంచెం నాణ్యత తగ్గుతుంది, అయినా పాట దక్కుతుంది. ఒక డిస్కును నేను అలాగే దక్కించుకున్నాను.

చట్టం మాట కూడా అడుగుతారు. మన దేశంలో కాపీరైట్ చట్టంలో 2012లో చేర్చిన 65ఏ సెక్షను, హక్కులకు భంగం కలిగించే ఉద్దేశంతో సాంకేతిక రక్షణను దాటడాన్ని నేరంగా చెబుతుంది. రెండేళ్ళ వరకు జైలు, జరిమానా ఉండొచ్చు. అదే చట్టంలోని 52వ సెక్షను సొంత వాడకానికి న్యాయమైన వినియోగాన్ని అనుమతిస్తుంది. నేను కొన్న డిస్కును నా ఇంట్లో వినడానికి మార్చుకుంటున్నాను, ఆ ఫైళ్ళను ఎవరికీ ఇవ్వను. డిస్కులూ అమ్మలేదు, అట్టపెట్టెలో భద్రంగా ఉన్నాయి. జర్మనీలో 2003 నుంచి, అమెరికాలో 1998 చట్టం నుంచి నిబంధనలు ఇంతకన్నా కఠినం. అక్కడ ఉంటున్నవారు వాటిని చదువుకుని ముందుకు వెళ్ళాలి.

చివరగా, ఫైళ్ళను ఫ్లాక్‌లో పెట్టుకోండి, ఎంపీ3లో కాదు. అసలు పరిమాణంలో సుమారు సగానికి వస్తుంది, ఒక్క అంకె కూడా పోదు, ఫోనుకు కావలసినప్పుడు దాని నుంచి ఎంపీ3 ఎప్పుడైనా చేసుకోవచ్చు. ఈఏసీ ఇచ్చే లాగ్ ఫైలును, పాటల వరుస, సమయాలు ఉండే క్యూ ఫైలును పాటలున్న ఫోల్డరులోనే ఉంచండి. ‘సస్పీషియస్ పొజిషన్’ అని వచ్చిన డిస్కుల ఫోల్డరు పేరు చివర నేను ఒక చుక్క గుర్తు పెడతాను. ఎప్పుడైనా ఇంకో మంచి డ్రైవ్ దొరికితే మొదట వాటినే మళ్ళీ చదివిస్తాను. మీలో ఎవరి దగ్గరైనా 2000 నాటి ప్లెక్స్‌టర్ కంపెనీ డ్రైవ్ పని చేసే స్థితిలో ఉంటే, ఏ రకం రక్షణ ఉన్న డిస్కును అది ఎలా చదువుతోందో కింద రాయండి.